రెండో చరణాన్ని కోసిందెవరు?

ఉప్పల్ చౌరస్తా నుంచి ఒక దారి రామంతాపూర్ పోతుంది. అక్కడ దూరదర్శన్ కేంద్రం ఉంది. ఇంకో దారిలో హబ్సిగూడ దాకా వెళ్లి కుడివైపు తిరిగితే నాచారం. అక్కడ 1976లో ఎన్.టి. రామారావు నెలకొల్పిన రామకృష్ణా సినీ స్టూడియోస్. హైదరాబాద్‌లో సినిమా అనగానే చూపులు ఫిల్మ్‌నగర్ వైపో కృష్ణానగర్ వైపో పోతాయి గాని, నగరానికి తూర్పున ఈ రెండు గేట్లు చాలా ఏళ్లు ఒక తరం పిల్లల ఆశల్ని శాసించాయి. లోపలికి పోగలిగినవాళ్లు కళాకారులయ్యారు. పోలేనివాళ్లు నాచారం, మౌలాలి కార్ఖానాల్లో షిఫ్టులకు కుదురుకున్నారు.

ఇవాళ ఆ గేట్ల ముందు నిలబడాల్సిన అవసరం పిల్లలకు లేదు. ఉప్పల్ భగాయత్ వెడల్పు రోడ్ల మీద, మినీ శిల్పారామం చుట్టుపక్కల, మెట్రో స్తంభాల కింద ఫోన్ పట్టుకుని తీస్తున్నారు, సాయంత్రానికి లోకానికి చూపిస్తున్నారు. దీన్ని నేను మనసారా ఆహ్వానిస్తాను. అయితే గేటు తొలగినప్పుడు దానితోపాటు ఇంకేదో కూడా పోయిందన్న అనుమానం నన్ను వదలడం లేదు. ఆ అనుమానాన్నీ దానికి ఎదురు నిలిచే వాదాన్నీ ఈ కాలనీల్లో చాలా ఇళ్లల్లో విన్నాను. వాటిని ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. మామ ఒకప్పుడు నాచారం ఫ్లోర్లలో లైట్‌బాయ్. ఇప్పుడు ఫంక్షన్లకు లైట్లు కిరాయికి ఇస్తాడు. మేనకోడలు ఉప్పల్‌లో ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు చేస్తూ, నలుగురు స్నేహితులతో జానపద పాటల చానల్ నడుపుతోంది. వాళ్లది భువనగిరి వైపు ఊరు.

మేనకోడలు: మామా, ఆదివారానికి లైట్లు కావాలె. కిరాయి ఇస్త. ఇంకో మాట, వచ్చే నెల నుంచి ఉద్యోగానికి పోను.

మామ: లైట్లు తీస్కపో, కిరాయి మాట ఎత్తకు. రెండో మాట మీ అమ్మకు చెప్పినవా?

మేనకోడలు: నీకు చెప్పినంక చెప్త. నువ్వు సరే అంటే అమ్మ సరే అంటది.

మామ: అందుకే నేను తొందరపడి సరే అనను. నీకు పాట వచ్చు, మా అమ్మ గొంతు నీకే వచ్చింది. అది కాదు నా పంచాయితీ. నెలనెలా వచ్చే జీతం ఏ ధైర్యంతోని వదిలేస్తున్నవు?

మేనకోడలు: నువ్వు లైట్లు మోసిన స్టూడియో కట్టినాయన ఏ ధైర్యంతోని వదిలేసిండు? 1947ల ప్రత్తిపాడుల సబ్‌రిజిస్ట్రార్ కొలువు. చేరి మూడు వారాలైందో లేదో వదిలేసి మద్రాసు పోయిండు. ఆ రోజు వాళ్లింట్ల పెద్దలు ఏమన్నరో మనం ఊహించుకోవచ్చు.

మామ: పోయింది ఎవరి దగ్గరికో అది కూడా చెప్పు. ఎల్వీ ప్రసాద్ దగ్గరికి. 1949ల ‘మనదేశం’ల ఇన్‌స్పెక్టర్ వేషం. తర్వాత విజయా వాళ్ల దగ్గర నెలజీతం. 1951ల ‘పాతాళభైరవి’ అంటే కె.వి. రెడ్డి ముందర నిలబడాలె. నడక బాగలేకుంటే బాగలేదని మొఖం మీద చెప్పే మనుషులు వాళ్లు. గేటు లోపట గురువున్నడు బిడ్డా. నీ ఫోన్ లోపట ఎవరున్నరు?

మేనకోడలు: గేటు లోపట గురువున్నడు, కాదనను. గేటు బయట ఎవరెవరు మిగిలిపోయిండ్రో నువ్వు చెప్పవు. మా అమ్మకు పాట రాదా? రామంతాపూర్ దూరదర్శన్ మనింటి నుంచి బస్సుల పోయేంత దూరం. శుక్రవారం చిత్రలహరి వస్తుంటే టీవీ ముందర కూసొని వాళ్లకంటే మంచిగ పాడేదట. తాత ఆడిషన్‌కు పంపిండా?

మామ: పంపలే. పంపుమని అడిగే ధైర్యం కూడా మా చెల్లెకు లేకుండె.

మేనకోడలు: నేను ఎవర్నీ అడగలేదు మామా. వంటింట్ల కూసొని పాడి పెట్టిన. పొద్దటికి ఆదిలాబాద్ నుంచి, దుబాయ్ నుంచి, షోలాపూర్ నుంచి మాట్లాడిండ్రు. మా అమ్మ ఆ కామెంట్లు చదువుకుంట ఏడ్చింది. నువ్వు చెప్పే గురువు మా ఇంటికి ఎన్నడూ రాలే.

ఈ మాటకు మామ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. సినిమా, రేడియో, టీవీల గొప్పతనం గురించి ఎంత చెప్పుకున్నా, ఆ గేట్లు కులాన్నీ డబ్బునూ ఆడ మగ తేడానూ చూసి తెరుచుకున్న రోజులు ఎక్కువ. లోపల నేర్పిన పాఠం గొప్పదే. అది అందింది కొద్దిమందికే.

మామ: సరే, బయటివాళ్లకు దారి దొరికింది. ఒప్పుకున్న. దారి దొరికినోళ్లు ఎక్కడికి చేరిండ్రు? ఒక్కరిని చూపెట్టు.

మేనకోడలు: ఒక్కరెందుకు? జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. 2012ల శ్రీరాం శ్రీకాంత్ అనే పిలగాడు ఊరి ముచ్చట్లు వీడియోలు తీసుడు మొదలుపెట్టిండు. ‘మై విలేజ్ షో’. పొలం కూలీకి పోయి, బీడీలు చుట్టిన గంగవ్వను కెమెరా ముందర నిలబెట్టిండు. ఆమె 2019ల ‘మల్లేశం’ల చేసింది, ‘ఇస్మార్ట్ శంకర్’ల చేసింది, 2020ల బిగ్‌బాస్‌కు పోయింది. ఇల్లు కట్టుకుంది. ఏ స్టూడియో గేటు ఆమెను రానిచ్చేది? తరుణ్ భాస్కర్ షార్ట్‌ఫిల్ములు తీసుకుంట తీసుకుంట 2016ల ‘పెళ్లిచూపులు’ తీసిండు, జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా కథల హీరో కూడా వీడియోలు తీసెటోడే. షార్ట్‌ఫిల్ముల నుంచి వచ్చిన సుహాస్ ‘కలర్ ఫోటో’ల హీరో అయిండు, దానికీ జాతీయ అవార్డే. యూట్యూబ్‌ల చిన్న చిన్న పాత్రలు వేసిన వైష్ణవి చైతన్య 2023ల ‘బేబీ’కి హీరోయిన్. మంగళ్‌హాట్ల పెరిగి సొంతంగ పాటలు తీసి పెట్టుకున్న రాహుల్ సిప్లిగంజ్ 2023 మార్చిల ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడిండు.

మామ: అందర్నీ కలిపి చెప్పినవు గాని, వాళ్లల్ల నాకు కనబడే సంగతి వేరే. 2012ల మొదలుపెట్టిన లంబాడిపల్లి పిలగాళ్లు గంగవ్వ బిగ్‌బాస్‌కు పోయేదాక ఎన్నేండ్లు తీసిండ్రు? ఎనిమిది. ఒక ఊరు మొత్తం వాళ్ల వెనుక ఉన్నది. ఊరోళ్లకు నచ్చకపోతే పొద్దున బావికాడనే తిడ్తరు. అది గురువు కాదా? సుహాస్ వెనుక, తరుణ్ భాస్కర్ వెనుక ఒక గుంపు ఉన్నది. కలిసి రాసి, కలిసి కొట్లాడి, ‘ఇది బాగలేదు, మళ్ల తీద్దాం’ అన్న స్నేహితులు. వాళ్లు పైకి వచ్చింది ఫోన్‌తోని కాదు. ఫోన్ చేతుల ఉన్నంక కూడా ఒకరి మాట ఒకరు విన్నరు గనుక.

మేనకోడలు: మాకు గుంపు లేదా? మేము ఐదుగురం.

మామ: మీ ఐదుగురిల ‘వద్దు’ అనేది ఎవరు?

మేనకోడలు: ... ఎవరూ అనరు. చూసెటోళ్లు చెప్తరు గద.

మామ: చూసెటోళ్లు నిన్న నచ్చినదాన్నే ఇయ్యాల మళ్ల అడుగుతరు. కొత్తది వాళ్లు అడగలేరు, అది వాళ్లకు తెల్వదు గనుక. అది నీ పని. ఇంకోటి, ఆ చూసెటోళ్లు నీ ఇంట్ల లేరు, ఇంకొకని ఇంట్ల ఉన్నరు. ఆ ఇల్లు మూతపడితే ఏం చేస్తవు? మన ఉప్పల్ స్టేడియంల ఆడిన వార్నర్ యాదికున్నడా?

మేనకోడలు: ఎందుకు లేడు? 2016ల సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్. 2020 లాక్‌డౌన్‌ల పెండ్లాం పిల్లలతోని ‘బుట్టబొమ్మ’కు టిక్‌టాక్‌ల ఎగిరిండు. తెలుగోళ్లందరికీ ఇంటి మనిషి అయిపోయిండు.

మామ: ఆ వేడి తగ్గకముందే జూన్ 29న సర్కారు 59 యాప్‌లు బంద్ పెట్టింది. టిక్‌టాక్ అందుల ఒకటి. వార్నర్‌కు ఏమైంది? ఏం కాలే. ఆయన చేతుల బ్యాట్ ఉన్నది. మన మల్లాపూర్‌ల, చిలుకానగర్‌ల రోజుకు పది వీడియోలు చేసిన పిల్లలకు ఏమైంది? రాత్రికి రాత్రి జనం లేకుండ పోయిండ్రు. వాళ్ల చేతుల ఏముండె?

మేనకోడలు: వాళ్లల్ల చాలామంది ఇన్‌స్టాకు, యూట్యూబ్‌కు మారిండ్రు మామా. చేతుల పని ఉన్నోళ్లకు జనం మళ్ల దొరికిండ్రు. నువ్వు చెప్పిన మాటనే నేనూ చెప్తున్న, కాకపోతే దాన్ని నువ్వు భయపెట్టేటందుకు వాడుతున్నవు. మద్రాసు నుంచి సినిమా హైదరాబాద్‌కు వచ్చినప్పుడు కూడా ఎంతోమంది ఉపాధి పోయి ఉంటది. నాచారం స్టూడియోల పని తగ్గినప్పుడు నువ్వు లైట్లు కొనుక్కొని పెళ్లిళ్లకు ఇచ్చుకుంటలేవా? జాగ మారింది, లైటు పట్టే విద్య మారలే.

మామ: ఈ ముక్క బాగ చెప్పినవు. మరి తిండి ఎట్ల? జనం చూస్తరు, పైసలియ్యరు. పైసలిచ్చెటోడు ఎవడంటే, 2025 మార్చిల పంజాగుట్ట పోలీసులు పదకొండు మంది మీద కేసు పెట్టిండ్రు చూడు, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిండ్రని. వాళ్లను నమ్మి ఎంతమంది పిలగాళ్లు ఆగమైండ్రో. నీ దగ్గరికి కూడా వస్తరు వాళ్లు.

మేనకోడలు: వచ్చిండ్రు. రెండు నెలల జీతమంత ఇస్తమన్నరు. వద్దన్న. ఇగో, ‘వద్దు’ అనేటోళ్లు లేరంటివి. ఆ రోజు ఐదుగురం ఒక్కటే మాట మీదున్నం. తర్వాత ఆగస్టుల పార్లమెంటే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపుతూ చట్టం చేసింది. యాడ్ తీసుకుంటే అది యాడ్ అని చూసెటోళ్లకు చెప్పాలనే నియమం 2021 నుంచే ఉన్నది. తెలిసీ దాచెటోళ్లున్నరు. ఆ దాచుడుతోనే మా అందరికీ చెడ్డపేరు.

మామ: అది మంచిగ చేసినవు. కడుపు నిండేది ఎట్లనో ఇంకా చెప్పలే.

మేనకోడలు: చెప్త విను. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల నాలుగువేల గంటల చూపు ఉంటే యూట్యూబ్ యాడ్ల పైసల వాటా ఇస్తది. పెద్ద వీడియోకు నూటికి 55, షార్ట్స్‌కు 45. అది మాకు మొదలైంది, కూరగాయల ఖర్చుకు సరిపోతది. అసలు సంపాదన ప్రోగ్రాములల్ల ఉన్నది. బోనాలు, బతుకమ్మ, పెళ్లిళ్లు. చానల్‌ల పాట చూసి ప్రోగ్రాంకు పిలుస్తరు. 2021ల ‘బుల్లెట్టు బండి’ ఏమైంది? మోహన భోగరాజు పాడిన ప్రైవేటు పాట. ఒక పెళ్లికూతురు దానికి ఎగిరిన వీడియో చూసి, ఆ ఏడు ఏ బరాత్ల చూసినా అదే పాట. సినిమా లేదు, హీరో లేడు. పాటే నడుచుకుంట పోయింది. రాత్రి షిఫ్టు చేసుకుంట నేను ప్రోగ్రాంలకు పోలేను మామా. తెల్లందాక హెడ్‌సెట్ పెట్టుకొని ఇంగ్లీషుల మాట్లాడి మాట్లాడి గొంతు పోతున్నది. నాకున్న ఆస్తి ఆ గొంతే.

నాకు ఈ అమ్మాయి మాటల్లో అన్నిటికన్నా బలంగా తోచింది ఈ చివరి వాక్యమే. ఉద్యోగం వదలొద్దని పిల్లలకు చెప్పేటప్పుడు మనం జీతం లెక్క చూస్తాం. ఆ జీతం కోసం వాళ్లు రోజూ దేన్ని ఖర్చు పెడుతున్నారో చూడం.

మామ: గొంతు సంగతి నేను ఆలోచించలే. ఉండు, దాని దగ్గరికి మళ్ల వస్త. మొన్న నువ్వు పెట్టిన మా అమ్మ పాట విన్న. నాట్లేసేటప్పుడు పాడేది.

మేనకోడలు: ఎట్లుంది?

మామ: సగమే ఉన్నది. రెండో చరణం ఏమైంది?

మేనకోడలు: తీసేసినం. ముందు మొత్తం పెట్టినం మామా. జనం ఎక్కడిదాక చూస్తున్నరో, ఎక్కడ వెళ్లిపోతున్నరో గ్రాఫ్ వస్తది. సరిగ్గ రెండో చరణం దగ్గర పడిపోతున్నది. ఆ పాటను చిన్నగ చేసి మళ్ల పెడితే మస్తు మందికి చేరింది.

మామ: ఆ చరణంల ఏముందో నీకు తెలుసా?

మేనకోడలు: ఎవరో తల్లిని తలుచుకునుడు.

మామ: ఎవరో కాదు. మొదటి చరణంల మరదలు బావను ఆటపట్టిస్తది. అందరూ నవ్వుకుంట నాటేస్తరు. రెండో చరణంల అదే మరదలు, దొర గడీకి వెట్టికి పోయి చీకటి పడ్డా ఇల్లు చేరని తన తల్లిని తలుచుకుంటది. మా అమ్మ చిన్నపిల్లగ ఉన్నప్పుడు వాళ్లమ్మ అట్ల పోయి వచ్చింది. 1944ల మన భువనగిరిల ఆంధ్ర మహాసభ జరిగింది, రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. వెట్టి పోవాలని అక్కడ జనం గట్టిగ అడిగిండ్రు. అది పుస్తకాలల్ల ఉన్నది. వెట్టికి పోయిన ఆడమనిషి బిడ్డ ఎట్ల ఎదురుచూసిందో ఏ పుస్తకంల ఉన్నది? ఆ చరణంలనే ఉన్నది. దాన్ని నువ్వు కోసినవు.

మేనకోడలు: మామా, పాటను కోసుడు నేను మొదలుపెట్టలే. గ్రామఫోన్ రికార్డు ఒక పక్కకు మూడు నిమిషాలు, మూడున్నర నిమిషాలు. రాత్రంతా పాడే పాటలను దాంట్లె పట్టేంత కోసిండ్రు. రేడియోల టైమైపోయిందని కోసిండ్రు. దూరదర్శన్ల కోసిండ్రు. వాళ్లు కోస్తే కళ, నేను కోస్తే పాపమా?

మామ: వాళ్లు జాగ లేక కోసిండ్రు. నీకు జాగ లేదా? గంట పాట పెట్టినా ఎవరూ అడ్డం చెప్పరు. వినెటోడు విసుక్కుంటడని నువ్వు కోసినవు. ఈ రెండు కోతలూ ఒకటి కావు.

మేనకోడలు: విసుక్కున్నట్టు లెక్క చూపిస్తున్నది గద.

మామ: వెళ్లిపోయిండ్రని లెక్క చూపించింది. ఎందుకు పోయిండ్రో చెప్పిందా? వీడియో తియ్యి. ఆ పాత వీడియో, మొత్తం పాటది. ఆ చరణం దగ్గర ఆపు. ఇగో చూడు. నీ గొంతు ఇక్కడ దిగింది, దుఃఖం తెలుస్తున్నది. తెర మీద ఏమున్నది? పట్టపగలు, పచ్చటి పొలం, మొదటి చరణంల వేసిన స్టెప్పులే మళ్ల వేస్తున్నరు. చెవికి ఏడుపు వినబడుతున్నది, కంటికి ఎగురుడు కనబడుతున్నది. చూసెటోడు రెండిట్ల ఏది నమ్మాలె? వాడు పోయింది పాటను చూసి కాదు. గొంతు మారింది, లైటు మారలే.

మేనకోడలు: ...మళ్ల చెప్పు.

మామ: మేము ఫ్లోర్ల ఉన్నప్పుడు నాలుగొందల అడుగుల రోలు ఎక్కిస్తే నాలుగున్నర నిమిషాలు కూడ రాకపోయేది. ఫిల్ము ఖరీదు. అందుకని కెమెరా తిరగకముందే పొద్దుగాలంతా రిహార్సల్ చేసేది. ఆ రిహార్సల్‌ల కెమెరామెన్ పాట విని, ఏ మాట దగ్గర మొఖం మీద నీడ పడాలెనో చెప్పేది. మేము థర్మోకోల్ షీటు పట్టుకొని ఒక అడుగు జరిగేది. ఒక్క అడుగు. ఆ అడుగుతోని నవ్వే మనిషి ఏడ్చే మనిషి అయితది. ఇది నాకు ఎవరూ బడి పెట్టి చెప్పలే. తిట్లు తిన్నంక వచ్చింది. నీ ఫోన్‌ల రోలు అయిపోదు, అందుకే నువ్వు రిహార్సల్ చేస్తలేవు. తీస్తనే ఉంటవు, అన్నిట్ల మంచిది ఏరుకుంటవు.

ఇక్కడ కాసేపు ఆగి చెప్పాలనిపిస్తోంది. సామాజిక మాధ్యమాల మీద వచ్చే వ్యాసాలు రెండే మాటలు చెబుతాయి: పిల్లలు పాడైపోతున్నారని, లేదా పిల్లలు లోకాన్ని జయిస్తున్నారని. ఆ పిల్లలకు పని ఎవరు నేర్పుతున్నారని అడిగే వ్యాసం నాకు ఎక్కువగా కనపడలేదు. నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ వీధుల్లో విశ్రాంత లైట్‌మెన్లు, ఎడిటర్లు, మేకప్ పనివాళ్లు, దూరదర్శన్లో పాతికేళ్లు శబ్దం చూసుకున్న ఇంజనీర్లు ఉన్నారు. పక్క గల్లీలోనే ఫోన్‌తో పాట తీస్తున్న పిల్లలు ఉన్నారు. ఒకరి ఉనికి ఒకరికి తెలియదు. పెద్దలు ఆ పిల్లల పనిని పనిగా లెక్కించరు. పిల్లలు ఆ పెద్దల కాలం అయిపోయిందనుకుంటారు. ఈ తూర్పు హైదరాబాద్ దగ్గరున్న సంపద ఎంత పెద్దదో, ఎంత వృథాగా పోతోందో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

మేనకోడలు: ఈ మాట చెప్పే మనిషి మా ఐదుగురిల లేడు. నిజం. కానీ ఇన్నాళ్లు నువ్వెందుకు చెప్పలే? నేను వీడియో పెట్టినప్పుడల్లా చూసి, ‘బాగుంది బిడ్డా’ అని ఫోన్ పక్కన పెట్టినవు.

మామ: అది ఆట అనుకున్న.

మేనకోడలు: ఆట కాదు. నేను ఏం చేద్దామనుకుంటున్ననో విను. ఉస్మానియాల బిరుదురాజు రామరాజు గారు 1950లల్ల తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసిండ్రు. వేల పాటలు కాగితం మీదికి ఎక్కినయి, ఆయన లాంటి వాళ్ల వల్లనే. నా దగ్గర గొంతును కూడా దాచే యంత్రం ఉన్నది, జేబుల. అమ్మమ్మ పాటలు, భువనగిరి చుట్టూ ఊర్లల్ల ఇంకా పాడగలిగే అవ్వల పాటలు, వాళ్ల పేర్లతోని, ఊర్లతోని, పూర్తిగ రికార్డు చెయ్యాలె. చిన్న ముక్కలు జనాన్ని పిలిచేటందుకు. పూర్తి పాట వాళ్లు వచ్చి వినేటందుకు. నేను ఉద్యోగం వదిలేది ఈ పని కోసం. ఫేమస్ అయ్యేటందుకు కాదు. అవ్వలు ఆగరు మామా. ప్రతి చలికాలం ఒకరిద్దరు పోతున్నరు.

మామ: ఆ పాటలు ఎవరి పేర ఉంటయి? ఒకాయన చానల్‌కు అమ్ముమని అడుగుతున్నడని మీ అమ్మ చెప్పింది.

మేనకోడలు: అడుగుతున్నడు. ఒక్కసారి పైసలిచ్చి హక్కులన్నీ రాయించుకుంటడట. నాకు తెలిసిన పిల్లలు చాలామంది అట్లనే సంతకం పెట్టిండ్రు. నేను పెట్టను. ముత్తవ్వల కాలం నుంచి నోటినోట వస్తున్న పాట మీద ఎవరికీ కాపీరైట్ లేదు. రికార్డింగు మీద ఉంటది, అది చేసినోళ్లకు. కొత్తగ రాసిన పాటైతే, రాసినోళ్లకు బాణీ కట్టినోళ్లకు రాయల్టీ వాటా కూడా ఉంటది, దాన్ని కంపెనీకి వదులుకుంటమని సంతకం పెట్టినా చెల్లదు. 2012ల చట్టం అట్ల మార్చిండ్రు. పాడినోళ్లకు కూడ రాయల్టీ హక్కు ఇచ్చిండ్రు. అంటే, నా ముందర ఫోన్‌ల పాడిన అవ్వకు కూడ వాటా ఉండాలె. ఆమె పేరు లేకుండ ‘సేకరణ’ అని నా పేరు వేసుకుంటే, గడీ వాళ్లు చేసిందానికీ నేను చేసేదానికీ తేడా ఎక్కడుంది?

మామ: ఇది చదువుకున్న మాట. మా కాలంల లైట్‌బాయ్ పేరు ఏ తెర మీద రాలే.

మేనకోడలు: నీ పేరు వేస్త. లైటింగ్ అని.

మామ: అది తర్వాత. నా షరతులు విను. ఒకటి, కెమెరా పెట్టకముందు పాట మొత్తం నా ముందర పాడాలె, ఐదుగురూ ఉండాలె, నేను అడ్డం చెప్త. రెండు, ఆ చరణం మళ్ల పెట్టాలె. మూడు, ఇంకో ఆరు నెలలు ఉద్యోగం చెయ్యాలె.

మేనకోడలు: మొదటి రెండు సరే. మూడోది కుదరదు.

మామ: ఆరు నెలలే గద.

మేనకోడలు: ఆరు నెలలు అట్లనే అరిస్తే ఆ చరణంల ఉన్న కింది స్వరం నా గొంతుల మిగలదు. నువ్వే కదా అన్నవు, అమ్మమ్మ గొంతు నాకొచ్చిందని. పగటి షిఫ్టు ఉన్న చిన్న పని ఏదన్న చూసుకుంట. హబ్సిగూడల ఒక ట్యూషన్ సెంటర్ల అడిగిండ్రు. జీతం సగమే.

మామ: సగం జీతంతోని మీ అమ్మ ఒప్పుకోదు.

మేనకోడలు: నువ్వు చెప్తే ఒప్పుకుంటది.

మామ: చూద్దాం. ఆదివారం పొద్దుగాల ఐదింటికి లైట్లు పెట్టాలె. ఆ చరణానికి తెల్లారకముందటి వెలుగు కావాలె. ఎక్కడ తీస్తున్నవు?

మేనకోడలు: భగాయత్ల, మూసీ వైపు.

మామ: అక్కడ వెనుక మెట్రో లైను కనబడుతది. వెట్టి పాటల మెట్రో ఏంది? ఊరికి పోదాం, బండి నేను మాట్లాడుత.

మేనకోడలు: కనబడనీ. ఆ తల్లి మునిమనవరాలు రాత్రి షిఫ్టు దిగి పొద్దుగాల ఇంటికి వస్తున్నది ఆ మెట్రోలనే. ఊరికి పోయి పాత కాలం ఏషం కట్టుకుంటే అది సినిమా అయితది. నేను ఇక్కడ నిలబడే పాడ్త.

మామ: మెట్రో ఫ్రేంల ఉంటే నేను లైటు పట్టను.

మేనకోడలు: అయితే లైటు లేకుండనే పాడ్త. నువ్వు మాత్రం ఐదింటికి వచ్చి, ఏ మాట దగ్గర నీడ పడాలెనో చెప్పు.